జెండా పాట ఎంత, చేతికొచ్చింది ఎంత?

(హన్మకొండలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులతో ఒక రిటైర్డ్ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నది. మధ్యలో పిల్లలు అడిగిన ప్రశ్నలను కూడా అట్లాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక బెంచీల వాళ్లు జర ముందుకు రండి, ఈ మైకు మీద నాకు నమ్మకం తక్కువ.

బోర్డు మీద ‘పరిశోధనా పద్ధతులు’ అని పెద్దక్షరాలతో రాయించారు. అది చూసి బెదిరిపోకండి. మీకు ప్రాజెక్ట్ వర్క్ ఉంది. కొందరు జిజ్ఞాస అనే విద్యార్థి ప్రాజెక్టుల పోటీకి కూడా పంపాలనుకుంటున్నారట. ఆ పని ఎట్లా మొదలుపెట్టాలి, ఎట్లా ఒడ్డెక్కించాలి, ఇవ్వాళ అంతవరకే మాట్లాడుకుందాం.

పొద్దున మీ డిపార్ట్‌మెంట్ బీరువాలో పాత ప్రాజెక్టులు తిరగేశాను. ‘వరంగల్ జిల్లా రైతుల సమస్యలు – ఒక అధ్యయనం’. ‘కాకతీయుల చరిత్ర – ఒక పరిశీలన’. ‘మహిళా సాధికారత – ఒక విశ్లేషణ’. బైండింగులు బాగున్నాయి, అట్టల మీద బంగారు అక్షరాలు కూడా ఉన్నాయి. (నవ్వులు) కానీ లోపల ఏం తేల్చారో అట్ట చూసే చెప్పొచ్చు. రైతులకు సమస్యలున్నాయని తేలుతుంది. కాకతీయులు చెరువులు తవ్వించారని తేలుతుంది. మహిళలు సాధికారత సాధించాలని తేలుతుంది. తేలేది ముందే తెలిసిన పనికి నాలుగు నెలలు తిరగడం దేనికి? జిరాక్స్ సెంటర్ వాడికి లాభం తప్ప.

మీ దగ్గర ఉన్నవి టాపిక్కులు. టాపిక్ ఎంత పెద్దదైనా దాంతో పని మొదలు కాదు. ప్రశ్న దొరికితేనే పని మొదలవుతుంది. అదీ జవాబు మీకూ మీ గైడుకూ తెలియని ప్రశ్న, మీ కాళ్లు నడిచిపోగలిగినంత చిన్న ప్రశ్న కావాలి.

ఒకటి చేసి చూద్దాం. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మనకు కూతవేటు దూరం. మీలో మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లెంతమంది? చేతులెత్తండి... చాలామందే ఉన్నారు. ‘మిర్చి రైతుల సమస్యలు’ అన్నది టాపిక్. దీన్ని చిన్నది చేద్దాం. పొద్దున మార్కెట్లో జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దానికి ఖరీదుదార్లు పాడిన ధర అది. తెల్లారి పేపర్లో వచ్చేదీ అదే, ‘క్వింటా ఇంత పలికిన మిర్చి’ అని. ఊళ్లో రైతు అది చూసి బస్తాలు కట్టి బండెక్కిస్తాడు. ఇక్కడికొచ్చాక తేమ ఉందంటారు, తాలు, అంటే తెల్లబారిన కాయ, కలిసిందంటారు, రంగు పోయిందంటారు. ఆయన చేతికొచ్చేది ఇంకో ధర.

ఇప్పుడు ప్రశ్న ఇట్లా రాయండి: ‘మార్చి నెలలో ఎనుమాములకు తేజ రకం మిర్చి తెచ్చిన రైతుకు, ఆ రోజు జెండా పాట కంటే ఎంత తక్కువ పడింది? ఆ తేడాకు ఆయనకు ఏ కారణం చెప్పారు?’

చూడండి, ఇందులో ప్రతి మాటా మీ పని తగ్గిస్తోంది. మార్చి అన్నారు కాబట్టి ఏడాదంతా తిరగక్కర్లేదు. తేజ అన్నారు కాబట్టి చపాట సంగతి పక్కన పెట్టొచ్చు. అది వేరే రకం, దాని ధర వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కావాలంటే ఇంకొకరు తీసుకోండి. ‘ఆయనకు ఏ కారణం చెప్పారు’ అన్నారు కాబట్టి అసలు కారణమేమిటో తేల్చే బరువు మీ నెత్తిన లేదు, చెప్పింది రాసుకుంటే చాలు. ఈ ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఈ హాల్లో ఎవరికీ తెలియదు. నాకు కూడా తెలియదు. అందుకే ఇది చేయదగ్గ పని.

జవాబు ఎక్కడుంది? తక్ పట్టీలో ఉంది. ఇళ్లలో చూసే ఉంటారు. సరుకు అమ్మాక అడ్తిదారు, అంటే కమిషన్ ఏజెంటు, ఇచ్చే చీటీ. రైతు పేరు, ఊరు, బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, కోత ఎంత, చేతికిచ్చింది ఎంత, అన్నీ ఆ చిన్న కాగితం మీదే ఉంటాయి. దసరా దాకా దూలానికి గుచ్చి ఉంచే ఇళ్లున్నాయి, ఆ సాయంత్రమే బీడీ ముట్టించుకునే వాళ్లూ ఉన్నారు. మీ ప్రాజెక్టుకు ఆ చీటీ ఒక్కటి పది పుస్తకాల పెట్టు. రైతు నోటిమాటగా ‘అగ్గువకే పోయింది బిడ్డా’ అంటాడు. చీటీ మీద అంకె ఉంటుంది. రెండూ కావాలి, కానీ దేన్ని దేని పక్కన రాస్తున్నారో తెలిసి రాయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీని దగ్గర కాసేపు ఆగుతాను. జెండా పాట ఆ రోజు వచ్చిన మేలైన సరుకు ధర అన్నాను కదా. మరి మామూలు సరుకుకు అంతకంటే తక్కువ రావడంలో వింతేముంది? తేడా ఉంది కాబట్టి మోసం జరిగిందని రాస్తే వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్క ప్రశ్నతో మిమ్మల్ని కూలేస్తాడు. అందుకని ఇంకో అంకె తెచ్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో మార్కెట్ల వారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు ఇస్తారు. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. మీ రైతు ధరను జెండా పాట పక్కనా పెట్టండి, మోడల్ ధర పక్కనా పెట్టండి. జెండా పాట 14,000 అనుకుందాం, పట్టీ మీద 12,500 ఉందనుకుందాం. తేడా 1,500, అంటే నూటికి దాదాపు 11. శాతంలో ఎందుకు చెప్తున్నానంటే ధర రోజుకోరకంగా ఉంటుంది. సోమవారం తేడానూ గురువారం తేడానూ రూపాయల్లో పోలిస్తే కుదరదు. అదే రోజు మోడల్ ధర 12,400 ఉంటే మీ రైతుకు అందరితో పాటే పడింది. అప్పుడు మీ ప్రశ్నే మారుతుంది: రైతును ఊళ్లోంచి కదిలించిన ధర ఒకటి, మార్కెట్లో ఎక్కువమందికి పడే ధర ఒకటి, పేపర్ రెండోది ఎందుకు వేయదు? నన్నడిగితే మొదటి ప్రశ్న కంటే ఇదే గట్టి ప్రశ్న. పని చేస్తుంటే ప్రశ్న ఇట్లా మారడం మంచి గుర్తు. గైడుతో చెప్పి మార్చుకోండి, దాచకండి.

— సార్, రైతులు పట్టీలు చూపిస్తరా? మమ్మల్ని చూసి ఆఫీసోళ్లు అనుకుంటే?

మంచి ప్రశ్న అమ్మా. ఎప్పుడు అడుగుతావన్న దాన్ని బట్టి ఉంటుంది. కాంటా అయ్యేదాకా ఆయన కళ్లు బస్తాల మీదే ఉంటాయి. అప్పుడు పోయి ‘మీ విద్యార్హత ఏమిటి?’ అని ఫారం తీస్తే కసురుతాడు, కసరాలి కూడా. ముందురోజు రాత్రే సరుకు తెచ్చి బస్తాల మీద నడుం వాల్చిన వాళ్లుంటారు, వాళ్లకు తీరిక ఉంటుంది. లేదా లెక్క అయిపోయి బండి కోసం చూస్తూ చాయ్ తాగే వేళ. ముందు నీ ఊరి పేరు చెప్పు, నాయన పేరు చెప్పు. ‘కాలేజీ పని మీద వచ్చిన పెద్దనాయినా, మీ పేరు ఎక్కడా రాయను’ అను. ఆ మాట నిలబెట్టుకో. ఫొటో తీస్తే పేరు, ఫోన్ నంబరు మీద వేలు పెట్టి తియ్యి. అడ్తిదార్లతో కూడా మాట్లాడు. హమాలీలతో, తూకం వేసే దడ్వాయిలతో మాట్లాడు. రైతు ఒక్కడి మాటే రాస్తే సగం సంగతే వస్తుంది.

ప్రశ్నలు అడిగే తీరు గురించి ఒక్క ముక్క. ‘దళారుల వల్ల మీరు నష్టపోతున్నారా?’ అని అడిగితే నూటికి నూరుమంది అవుననే అంటారు. జవాబు మీరే చేతిలో పెట్టి అడిగారు మరి. ‘మొన్న ఏ రోజు అమ్మిన్రు? ఎన్ని బస్తాలు? పైసలు ఎప్పుడు చేతికొచ్చినయి?’ అని అడగండి. జరిగిన పనిని అడగాలి. అభిప్రాయం దానంతట అదే వస్తుంది, ఆపినా ఆగదు.

వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడ పోయే వాళ్లకు ఇంకో సంగతి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఏటా ఇద్దరు ముగ్గురు నేత కార్మికుల మీద ప్రాజెక్టు పెట్టుకుంటారు. పోండి, మంచిదే. కానీ నేసేవాళ్లకు కూలీ గజాల లెక్కన, ముక్కల లెక్కన ఉంటుంది. మీరు ముప్పావు గంట కూర్చోబెట్టి నలభై ప్రశ్నలు అడిగితే ఆ ముప్పావు గంట కూలీ పోయినట్టే. నూలు చుట్టుకునేప్పుడో, అన్నం వేళో, కరెంటు పోయినప్పుడో మాట్లాడండి. నలభై ప్రశ్నలెందుకు, ఎనిమిది చాలు. ఇంకోటి, మగ్గం పక్కన ఇంటామె ఉంటుంది, కండెలు చుడుతూ. మీ ఫారంలో ఆమెకు గడి ఉండదు. ‘కుటుంబ పెద్ద’ అని రాసి ఆయన్నే అడిగి వచ్చేస్తారు. పనిలో సగం ఆమెది.

సరే, ప్లాన్ సంగతికి వద్దాం. మీరంతా కాలేజీ క్యాలెండర్ ముందేసుకుని ప్లాన్ వేస్తారు: మొదటి వారం సినాప్సిస్, చివరి వారం సబ్మిషన్. మధ్యలో ఏముందో దేవుడికే తెలుసు. నేను చెప్పేది, ముందు మీ విషయం క్యాలెండర్ చూసుకోండి. మిర్చి ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పత్తి అయితే దసరా, దీపావళి దాటాక. మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి. జాతర లేని ఏడు ‘మేడారం భక్తుల అవసరాలు’ అని టాపిక్ తీసుకుంటే ఖాళీ గద్దెలను ఇంటర్వ్యూ చేసి రావాలి. (నవ్వులు) నిజామాబాద్ వాళ్లు పసుపు మీద చేద్దామంటే దానికీ ఒక కాలం ఉంది. సిరిసిల్ల మరమగ్గాల మీద చేసేవాళ్లు ప్రభుత్వ చీరల ఆర్డర్లు ఉన్నప్పుడు పోతే ఒక సిరిసిల్ల కనబడుతుంది, లేనప్పుడు పోతే ఇంకోటి.

తర్వాత, వేరే వాళ్ల చేతుల్లో ఉన్న పనులేమిటో చూడండి. అవి మొదటి వారంలోనే మొదలు కావాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే జవాబుకు 30 రోజుల గడువు. మార్కెట్ కమిటీ నుంచి రాబడి లెక్కలు, అంటే సరుకు ఎంత వచ్చిందో ఆ లెక్కలు, కావాలంటే ఇవ్వాళే పెట్టండి, మూడో నెలలో పెడితే మీ వైవా అయ్యాక పోస్టు వస్తుంది. దరఖాస్తులో ‘మొత్తం వివరాలు’ అనకండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా రకం, రోజువారీ రాబడి అని అడగండి. మీరు అడిగేది ఎంత సన్నగా ఉంటే వాళ్లు తప్పించుకునే దారి అంత సన్నగా ఉంటుంది.

రాయడానికి ఎన్ని రోజులు? మీరు అనుకున్న దానికి రెండింతలు. డీటీపీ షాపుల్లో ఏప్రిల్లో ఎట్లా ఉంటుందో మీ సీనియర్లను అడగండి.

ఇప్పుడు లెక్కల దగ్గర మనవాళ్లు పడే గుంత ఒకటుంది. ఇది మన జిల్లాకు బాగా వర్తిస్తుంది, జాగ్రత్తగా వినండి. ‘వరంగల్ జిల్లా జనాభా 35,12,576’ అని మీ పాత ప్రాజెక్టుల్లో మూడింట చూశాను. అది 2011 జనగణన లెక్క. ఆ జిల్లా ఇప్పుడు లేదు. 2016 అక్టోబరు 11న దాన్ని విడదీసి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అన్నారు. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు పోయాయి. కరీంనగర్ నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి ఇటొచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరైంది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, మండలాలు కొన్ని అటూ ఇటూ మారాయి. అంటే ‘వరంగల్ జిల్లా’ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు నేలలున్నాయి. 2011 సాగు విస్తీర్ణాన్నీ 2022 సాగు విస్తీర్ణాన్నీ పక్కపక్కన పెట్టి ‘వరంగల్ జిల్లాలో సాగు భారీగా పడిపోయింది’ అని రాస్తే సాగు పడిపోలేదు బిడ్డా, జిల్లా చిన్నదైంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో ఈ తిప్పలు ఇంకా ఎక్కువయ్యాయి. ఏం చేయాలి? జిల్లా వదిలేసి మండలం దగ్గరకు దిగండి. మండలాలను కలుపుకుంటూ పోతే మీ నేల మీ చేతిలో ఉంటుంది. మండలాలను కూడా కోసి కొత్తవి చేసిన చోట ఊరి దాకా దిగాలి. విసుగు పుడుతుంది, నిజమే.

‘ఎనుమాముల ఆసియాలోనే రెండో అతిపెద్ద మార్కెట్’ అన్న వాక్యం కూడా మూడు ప్రాజెక్టుల్లో ఉంది. మన దగ్గర ఆటో డ్రైవర్ నుంచి మంత్రి దాకా అందరూ అంటారు. ఎవరు కొలిచారు? ఎప్పుడు? విస్తీర్ణంలోనా, రాబడిలోనా? రాసిన వాడు ఎవరి దగ్గర నుంచి తీసుకున్నాడో వెతుక్కుంటూ పోండి. ఎక్కడా దొరక్కపోతే ‘అని చెప్పుకుంటారు’ అని రాయండి. మన ఊరి మీద ప్రేమ తగ్గిపోదు.

చరిత్ర పిల్లలు బెంగగా చూస్తున్నారు, మాకేం లేదా అని. మీకు రుద్రమదేవి సంగతి చెప్తాను. ఆమె 1295 ప్రాంతం దాకా ఏలిందని చాన్నాళ్లు పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం బయటపడింది. అందులో తేదీ 1289 నవంబరుది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం ఆ నాయకుడి దగ్గర పనిచేసే పువ్వుల ముమ్మడి దేవుడికి భూమి ఇచ్చాడనీ ఉంది. చూడండి, రాజు వేయించిన శాసనం కాదు అది. ఊళ్లో నిలబెట్టిన ఒక మామూలు రాయి. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు దాన్ని చదివితే ఒక మహారాణి పాలన ఆరేళ్లు వెనక్కి జరిగింది.

అదే రుద్రమ గురించి మార్కోపోలో కూడా రాశాడు, మంచి పాలకురాలని మెచ్చుకున్నాడు. కానీ ఆమెను రాజు భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. మరి మార్కోపోలోను పారేద్దామా? పారేయొద్దు. తీరంలో వ్యాపారుల నోట విన్నది రాసుకుని ఉంటాడు, కాబట్టి బట్టలు, వజ్రాల వ్యాపారం గురించి చెప్పినప్పుడు చెవి ఒగ్గండి, చుట్టరికాల గురించి చెప్పినప్పుడు శాసనం చూడండి. ప్రతి సాక్షికీ తెలిసినవి కొన్ని, తెలియనివి కొన్ని ఉంటాయి. మీ తాతకైనా, కలెక్టరాఫీసు ఫైలుకైనా ఇదే వర్తిస్తుంది.

మీ ఊళ్లో గుడి ముందు, చెరువు కట్ట మీద రాళ్లుంటే పొద్దుగాల గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. మిట్ట మధ్యాహ్నం అక్షరం కనబడదు. సుద్ద రుద్దకండి, నూనె పూయకండి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న గ్రంథాలయం, రాజరాజనరేంద్ర భాషా నిలయం, ఎప్పుడైనా చూశారా? ఒకరు... ఇద్దరు. సరే. ఇంట్లో కూర్చుని చేసే పని అంటే శోధ్‌గంగ తెరవండి, మన దేశ యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. కాకతీయ యూనివర్సిటీ వాళ్లవి కూడా వెతకండి. మీ ప్రశ్న మీద ఇదివరకే ఎవరైనా పనిచేశారేమో చూడటానికి తెరవండి, కత్తిరించి అంటించడానికి కాదు. రేపు పీజీ, పీహెచ్‌డీలకు పోయేవాళ్లు వినండి, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో 60 శాతం మించి కాపీ తేలితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

— సార్, చాట్‌జీపీటీ వాడొచ్చా?

ఎదురు చూస్తున్నా, ఇంకా ఎవరూ అడగలేదేమా అని. (నవ్వులు) ఇంగ్లిష్ వ్యాసం అర్థం కాకపోతే అడుగు. నీ వాక్యంలో అచ్చుతప్పులు చూడమను. కానీ అది లేని పుస్తకాల పేర్లు, లేని పేజీ నంబర్లు తడుముకోకుండా చెప్తుంది. అది చెప్పిన ప్రతి పుస్తకాన్నీ నీ చేత్తో తెరిచి చూశాకే రాయి. అయినా నిన్న ఎనుమాములలో ఒక పెద్దమనిషికి తాలు పేరు మీద ఎంత కోత పెట్టారో దానికెట్లా తెలుస్తుంది? అది నీకే తెలియాలి.

గూగుల్ ఫామ్ గురించి కూడా ఇక్కడే చెప్తాను. వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి వంద జవాబులు తెచ్చుకుంటారు. ఆ వంద మంది ఎవరు? మీ క్లాసోళ్లు, మీ తమ్ముళ్లు. మార్కెట్లో నిలబడి ఇరవై మందిని అడిగినా ఒక లోపం ఉంటుంది: ఊళ్లోనే కల్లంలో దళారికి అమ్ముకున్న రైతు మార్కెట్‌కు రానే రాడు. ఎక్కువ కష్టంలో ఉన్నది ఆయనే కావచ్చు. అందుకే అయిదారుగురిని ఊళ్లో కూడా అడగండి. ఎవరు మీకు దొరకలేదో ఒక్క పేరాలో రాయండి.

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి, రెండు వందల పేజీలది. ఏ పూట మాట్లాడారో ఆ పూటే రాయాలి. తేదీ, చోటు, వేళ, ఆయన మాట ఆయన యాసలోనే. రికార్డు చేస్తే ముందు అడిగి చేయండి. మూడు రోజులు ఆగితే ఆయన మాట పోయి మీ మాట మిగులుతుంది.

— సార్, అంత తిరిగినంక జవాబు రాకపోతే? మార్కులు పోతయి కదా.

పోవు. ఇరవై మందిని పట్టీలు అడిగావనుకో, పన్నెండు మంది దగ్గర లేవు. నువ్వేం చేస్తావంటే, చివర్లో ‘పరిమితులు’ అని ఒక పేజీ పెట్టి అందులో ‘సమాచారం లభించలేదు’ అని ముగిస్తావు. అక్కడ కాదు, ఫలితాల్లోనే రాయి. పన్నెండు మందికి చీటీ ఎందుకు లేదు? అడ్తిదారు ఇవ్వలేదా, తెల్ల కాగితం మీద రాసిచ్చాడా, ఇస్తే పారేసుకున్నారా, పాత బాకీలో సర్దేశారా? ఒక్కొక్కరినీ అడిగి నాలుగు వరుసల పట్టిక వెయ్యి. ఆ పట్టిక పట్టుకుని మార్కెట్ కమిటీ ఆఫీసుకు పోయి, నిబంధన ప్రకారం ఏం ఇవ్వాలో అడిగి పక్కన రాయి. మార్కెట్ శని, ఆదివారాలు బంద్ ఉంటుంది, సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా గేటు దగ్గరుంటే జెండా పాట కూడా చూడొచ్చు. ఎవరెవరు వస్తారో పేర్లు ఇచ్చి పోండి.